అయిదో గడప మాట

నేను మాట్లాడేది తక్కువ. పెళ్ళయిన కొత్తలో మా సలోమి నన్ను మూగవాడనుకుని మూడు రోజులు ఏడ్చిందని వాళ్ళ అమ్మ చెప్పేది. నా పనికి మాటలు అక్కర్లేదు. రైల్వేలో కీమ్యాన్ని. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని బయలుదేరాలి. పట్టాలను స్లీపర్లకు బిగించే చావీలు ఎక్కడ వదులయ్యాయో చూడాలి. వదులైనదాన్ని కొట్టి బిగించి ముందుకు పోవాలి. సికింద్రాబాద్ యార్డు చివర నుంచి మెట్టుగూడ గేటు దాటి మా ఇళ్ళ దాకా, రెండు మైళ్ళ పైచిలుకు నా హద్దు.

మా ఇళ్ళంటే లైను పక్కన ఒక్క వరుసలో ఎనిమిది గదులు. కప్పు ఒకటే, తలుపులు ఎనిమిది. ఎనిమిదో గది అవతల ఒక నల్లా. అందరం గ్యాంగు పనివాళ్ళమే. మొదటి గది నాది. రెండోది దేవమ్మది. ఆమె భర్త పోయాక గేటు దగ్గర ఊడ్చే పని చేసేది. మూడోది పర్వతాలుది. నాలుగోదాంట్లో యెషయా, వాళ్ళ నాయన నోవహు తాత ఉండేవాళ్ళు. అయిదోది మా గ్యాంగు మేస్త్రీ జమాల్‌ది. ఆయనా, భార్య కమర్ బీ, రెండు మేకలు. ఆ తర్వాత మూడు గదులూ మా క్రైస్తవుల కుటుంబాలవే.

బోయిగూడలో మాకొక ప్రార్థన గది ఉండేది. ఉపదేశి జ్ఞానశేఖర్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. బాగా చదువుకున్నాయన. ఆదివారం నిలబడితే గంటన్నర ప్రసంగం. ఆయన చెబుతుంటే చెమటలు పట్టేవి, ఆయనకూ మాకూ. సోమవారం మా ఇళ్ళకు వచ్చి ఒక్కొక్కరినీ అడిగేవారు, నిన్న నేనేం చెప్పానని.

ఏడో గది రోసమ్మ ఒకసారి, "మస్తు మంచిగ చెప్పినవయ్యా. నేను ఏడ్చిన సుత" అన్నది.

"ఏ మాటకు ఏడ్చావమ్మా?"

"గది యాది లేదయ్యా."

ఆయన నవ్వలేదు. మొహం చిన్నబోయింది. నేను సుత్తి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఏమనుకున్నానో ఏమో, నిన్న ఆయన చెప్పినదంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. ఆయన మాటల్లోనే చెప్పాను. రోసమ్మ నెత్తిమీది బిందె దించి చూసింది.

"నీకెలా గుర్తుందయ్యా జకర్యా?"

చెప్పడానికి సిగ్గనిపించింది. లైను పక్కన తంతి స్తంభాలు ఉంటాయి. ప్రతి స్తంభానికీ ఒక అంకె. ఆదివారం వింటూ ఉన్నప్పుడే, ఈ మాట ఈ స్తంభం దగ్గర, ఆ మాట ఆ స్తంభం దగ్గర అని మనసులో పెట్టుకునేవాణ్ణి. సోమవారం నడుస్తుంటే స్తంభం కనపడగానే మాట వచ్చేది. ఒకసారి అట్లా నడిచి వస్తే ఆ రోజంతా నోట ఉండేది, స్తంభం కనపడకపోతే మాత్రం వచ్చేది కాదు. అదే చెప్పాను.

మరుసటి వారం ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని కంకర మీద నాతోపాటు ఒక మైలు నడిచారు. ఏ స్తంభం దగ్గర ఏముందో అడుగుతూ వచ్చారు. పన్నెండో స్తంభం దాటాక, "ఇక్కడేమిటి?" అన్నారు.

"ఈడ ఏం పట్టలేదయ్యా. మీరు చెప్పిందే మల్ల చెప్పిన్రు."

అప్పుడు నవ్వారు. ఆ తర్వాత ఆయన ప్రసంగం ఎన్నడూ పన్నెండు మాటలు దాటలేదు.

శనివారం మా ఇళ్ళకు వచ్చి గడపకొక మాట పెట్టారు. ప్రభువు కొండమీద కూర్చుని చెప్పిన సంగతులే, మా నోటికి పట్టేటట్టు చిన్నవి చేశారు. నా గడపకు, తన చెయ్యి ఖాళీ అని తెలిసినవాడు ధన్యుడు. దేవమ్మ గడపకు, ఏడ్చేవాళ్ళ పక్కన కూచునేవాడు వస్తాడు. దేవమ్మ మా మతం కాదు. అయినా పెట్టారు, ఆమె కాదనలేదు. పర్వతాలు అరిస్తే మెట్టుగూడ గేటు దాకా వినిపించేది. అతనికి, గొంతు పెంచనివాడికే నేల దక్కుతుంది అని పెట్టారు. వరుసంతా నవ్వింది. పర్వతాలు కూడా నవ్వాడు, గట్టిగా. యెషయా గడపకు, న్యాయం కోసం ఆకలిగొన్నవాడి కడుపు నిండుతుంది.

అయిదో గడప దగ్గరకు రాగానే యెషయా అడ్డం వచ్చాడు. "గిది తురకాయన ఇల్లు గదయ్యా. ఆరుకు పోదాం పా."

"పట్టాల కింద ఒక స్లీపరు తీసేసి, బండి పోనిస్తావా నువ్వు?" అన్నారు ఉపదేశి.

యెషయా పక్కకు తప్పుకున్నాడు. జమాల్ మేస్త్రీ మంచం మీద కూచుని బీడీ తాగుతున్నాడు. "మా గడపకు సుత ఒకటి పెట్టుండ్రి సాబ్. మేస్త్రీని నన్నే ఒదిలేస్తరా?" అన్నాడు. జాలి చూపినవాడికి జాలి దొరుకుతుంది అని పెట్టారు. మిగిలిన మూడూ తర్వాతి గడపలకు పెట్టారు.

అప్పటినుంచి అదొక అలవాటయింది. నల్లా దగ్గరకు పోతూ ఆడవాళ్ళు ఒక్కొక్క గడప దాటుతుంటే, ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళు తమ మాట చెప్పాలి. ఒకరి మాట ఇంకొకరు చెప్పకూడదు. ఎవరూ పలకకపోతే బిందె పట్టుకుని అక్కడే నిలబడేవాళ్ళు. అయిదో గడప దగ్గర కమర్ బీ పొయ్యి ముందు నుంచే పలికేది. సంవత్సరం తిరిగేసరికి ఎనిమిది గడపల మాటలూ అందరికీ వచ్చేశాయి.

ఇదంతా నలభై ఏడులో. నలభై ఎనిమిది ఎండాకాలానికి మా వరుసలో నవ్వు పోయింది. ఎటు చూసినా రజాకార్ల మాటే. జమాల్ మేస్త్రీ వాళ్ళ అన్న కొడుకు ఆ రజాకార్లలో చేరాడు. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం ఐదారుగురితో జీపులో వచ్చాడు. రజాకార్లకు ఎదురు తిరిగిన ఊళ్ళోవాళ్ళకు రైల్వే గడ్డపారలు ఎవరో ఇచ్చారట. ఎవరో చెప్పమని నోవహు తాతను బయటికి లాగాడు. తాతకు తెలియదు. తాత కుడిచెయ్యి పట్టా మీద పెట్టించి తుపాకి మడమతో కొట్టాడు. మేమంతా పనిలో ఉన్నాం. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు, జ్వరం వచ్చి పడుకున్న జమాల్ మేస్త్రీ ఉన్నారు. అందరి తలుపులూ మూసే ఉన్నాయి. జమాల్ తలుపు కూడా.

సాయంత్రం మేము వచ్చేసరికి తాత చెయ్యి గుమ్మడికాయంత వాచింది. యెషయా గుడ్డ చింపి కట్టు కట్టాడు. ఆ రోజునుంచి జమాల్‌తో మాట్లాడటం మానేశాడు. పనిలో మేస్త్రీ ఏదైనా చెబితే చేసేవాడు. మొహం మాత్రం ఎత్తేవాడు కాదు.

సెప్టెంబరులో ఆ ఐదు రోజులు వచ్చాయి. బండ్లు ఆగిపోయాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరం గదులు దాటలేదు. ఆకాశంలో విమానం మోత వస్తే మంచాల కిందికి దూరడమే. శుక్రవారం సాయంత్రం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. శనివారం ఇండియా మిలిటరీ సికింద్రాబాద్‌లోకి వచ్చింది. జమాల్ అన్న కొడుకు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. జమాల్ ఎటూ పోలేదు. తలుపు వేసుకుని లోపలే ఉన్నాడు.

శనివారం పొద్దుగూకక ముందే యెషయా పక్క ఊరికి పోయి వచ్చాడు. అక్కడ వీరయ్య అని రైతు. ఆయన గడ్డివాములు రెండూ అంతకుముందు నెలలో రజాకార్లు తగలబెట్టారు. "రేపు పగటీలి మేస్త్రీని బైటికి గుంజుతం. వీరయ్యోళ్ళు సుత వస్తరు. నడుమ వచ్చినోన్ని నేను ఎరుగ" అని అందరూ వినేటట్టు చెప్పాడు. గుంజినాక ఏం చేస్తారో చెప్పలేదు. అడగనక్కర్లేదు కూడా.

ఆదివారం తెల్లవారుతుండగానే నేను బోయిగూడకు బయలుదేరాను. ఉపదేశిని తీసుకురావాలి. యెషయా ఆయన మాట ఒక్కటే వినేవాడు. లైను మీద మిలిటరీ వాళ్ళు ఉంటారేమోనని గల్లీల్లో నుంచి చుట్టు తిరిగి పోయాను.

ఆయన మంచం మీద ఉన్నారు. పది రోజుల నుంచి టైఫాయిడ్. గెడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, చూడగానే భయమేసింది. సంగతి చెప్పాను. లేవబోయారు. కాళ్ళు కింద పెట్టారు గానీ నిలబడలేకపోయారు. నేను పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాను.

"నువ్వే చెప్పు" అన్నారు.

"నేనా అయ్యా?"

"నీ మాటలు వద్దులేవయ్యా. నా మాటలే తీసుకుపో. పన్నెండు. మీ ఇళ్ళకు ముందున్న పన్నెండు స్తంభాలు తలుచుకో."

కళ్ళు మూసుకున్నాను. మెట్టుగూడ గేటు దాటినాక వచ్చే వరుస. ఒకటి కొద్దిగా వంగి ఉంటుంది. ఒకదాని మీద కాకిగూడు. ఒకదానికి గాలిపటం తోక వేలాడుతుంది. ఆయన ఆగి ఆగి చెబుతున్నారు. చెప్పినదాన్ని చెప్పినట్టు స్తంభం దగ్గర పెడుతున్నాను. మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగారు. పన్నెండోది అయ్యాక ఆయనకు కళ్ళు మూతలు పడ్డాయి.

"మొదటి తొమ్మిదీ వాడి నొప్పిని గురించి. చివరి మూడూ వాడేం చెయ్యాలో. ఆ మూడు పోనీయకు" అన్నారు.

అప్పటికే ఎండ ఎక్కింది. మధ్యాహ్నం లోపల చేరాలంటే లైను మీదే పోవాలి. యార్డు దగ్గర ఒక సిపాయి ఆపాడు. సుత్తి చూపించాను. పొమ్మన్నాడు.

మెట్టుగూడ గేటు దాటాను. మొదటి స్తంభం. యెషయా, మీ నాయన చేతికట్టు విప్పి నేను చూశాను. రెండో స్తంభం. ఆ వేళ్ళు ఇక మూసుకోవు. నడుస్తుంటే ఒక్కొక్కటే వస్తోంది. ప్రాణం కుదుటపడింది. నా జీవితంలో మొదటిసారి, నేను మాట్లాడగలనేమో అనిపించింది.

కాకిగూడు స్తంభం తొమ్మిదోది. అది దాటి మలుపు తిరిగాను. పదోది లేదు.

పదో స్తంభం, పదకొండోది, పన్నెండోది మూడూ కాలవలో పడి ఉన్నాయి. తీగలు చుట్టలు చుట్టుకుని కంకర మీద ఉన్నాయి. ఎవరు కూల్చారో తెలియదు. మొదళ్ళతో సహా పెకిలించినట్టుంది. గాలిపటం తోక బురదలో ఉంది.

నిలబడిపోయాను. పదోది ఉన్న గుంట దగ్గరకు పోయి నిలబడ్డాను. గుంటలో వాన నీళ్ళు. రాలేదు. వెనక్కి పోయి తొమ్మిదో స్తంభం నుంచి మళ్ళీ నడుచుకుంటూ వచ్చాను. నీ కోపం అబద్ధం కాదు. కాబట్టి... అక్కడ ఆగింది. మూడుసార్లు నడిచాను. కాలవలో దిగి స్తంభం మీద చెయ్యి వేశాను. తడికర్ర వాసన తప్ప ఏమీ రాలేదు. వెనక్కి బోయిగూడ పోయి వద్దామంటే ఎండ నడినెత్తికి వస్తోంది. మా ఇళ్ళ వైపు నుంచి పర్వతాలు గొంతు వినిపించింది. ఎవరినో పిలుస్తున్నాడు.

చెబుతూ ఉంటే అవే వస్తాయిలే అనుకున్నాను. నడిచాను.

వరుస ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. వీరయ్య తలకు తువాలు చుట్టుకుని కర్ర పట్టుకుని ఉన్నాడు. యెషయా చేతిలో గడ్డపార. మా వరుస మగవాళ్ళు కొందరు వాళ్ళతోనే ఉన్నారు. పర్వతాలు చేతిలోనూ కర్ర ఉంది. నాలుగో గడప మీద నోవహు తాత కూచుని ఉన్నాడు, చెడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. అయిదో తలుపు మూసి ఉంది. లోపల ఆ ఇద్దరూ ఉన్నారు. అందరికీ తెలుసు.

నేను పోయి ఆ తలుపు ముందు నిలబడ్డాను. సుత్తి కింద పెట్టాను.

"ఉపదేశి మాట పంపిండు" అన్నాను.

"జకర్యా మాట్లాడుతున్నడే! వానలు ఎక్కువైతయి ఈ ఏడు" అన్నాడు పర్వతాలు. కొందరు నవ్వారు.

వీరయ్య కర్ర నేలకు ఆనించాడు. "చెప్పనియ్యుండ్రి. వాడేడికి పోతడు లోపల్నుంచి? తొందరేం లేదు."

మొదలుపెట్టాను. ఆయన చెప్పినట్టే, ఆయన మాటల్లోనే చెప్పాను.

"యెషయా, మీ నాయన చేతికట్టు విప్పి నేను చూశాను. ఆ వేళ్ళు ఇక మూసుకోవు. ఇరవై ఏడేళ్ళు పార పట్టిన చెయ్యి అది."

నవ్వులు ఆగాయి. యెషయా నా మొహంలోకి చూశాడు.

"కొట్టినవాడు నవ్వుతూ కొట్టాడు."

"ఇంటున్నవా!" అన్నాడు వీరయ్య. వెనకనున్నవాళ్ళు దగ్గరకు జరిగారు.

"చుట్టూ ఉన్నవాళ్ళు తలుపులు వేసుకున్నారు. ఆ రోజు నేను కూడా బోయిగూడలో తలుపు వేసుకునే ఉన్నాను."

యెషయా చూపు నా మీద నుంచి నా వెనక తలుపు మీదికి పోయింది. అప్పుడు తెలిసింది నాకు, నేను చేస్తున్నదేమిటో. ఆ తొమ్మిది మాటలూ ఒక్కొక్కటే వాడి పిడికిలిని గడ్డపార మీద ఇంకా గట్టిగా బిగిస్తున్నాయి. ఆపుదామంటే ఎట్లా? చివరి మూడూ రావాలంటే ఇవి చెప్పాలి.

"దీన్ని మరిచిపొమ్మని నేను చెప్పను. దేవుడు కూడా మరిచిపోలేదు. నీ కోపం అబద్ధం కాదు. కాబట్టి..."

ఆగిపోయాను. ఎదురుగా కాలవ, గుంటలు కనబడుతున్నాయి. ఆ గుంటల్లో ఏమీ లేదు.

"కాబట్టి?" అన్నాడు యెషయా.

నేను ఇంకా ఆ గుంటలనే చూస్తున్నాను.

"కాబట్టి ఏందీ? చెప్పు!"

ఏదో ఒకటి కల్పించి చెబితే అయ్యేదేమో. ఆయన అనని మాట ఆయన అన్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మూడు కంబాలు పడిపోయినయి. ఆ మూడు మాటలు నా కాడ లేవు" అన్నాను.

ఎవరో పగలబడి నవ్వారు. "కంబాలు పడిపోయినయంట! ప్రసంగం కాలవల పడ్డది!"

యెషయా నవ్వలేదు. "ఉన్నకాడికి చాలు. నా కోపం అబద్ధం కాదన్నడు గద. నా గడప మాట సుత గదే. న్యాయం కోసం ఆకలిగొన్నోని కడుపు నిండుతది. ఇయ్యాల నిండుతది." గడ్డపార పైకెత్తాడు. "జరుగు జకర్యా. నీ మీద నాకేం లేదు."

తలుపు లోపల ఏదో గిన్నె పడి దొర్లింది. కమర్ బీ గొంతు సన్నగా ఏదో అన్నది.

నా చేతులు చూసుకున్నాను. సుత్తి కింద ఉంది. మాటలు అయిపోయాయి. తల తిప్పితే వరుస మొదట్లో నా గది కనిపించింది. గడప మీద సలోమి నిలబడి నన్నే చూస్తోంది. అప్పుడు నా గడప మాట వచ్చింది. అది వచ్చిందని తెలిసేలోపలే పైకి అనేశాను.

"తన చెయ్యి ఖాళీ అని తెలిసినోడు ధన్యుడు."

ఎవరికీ అర్థం కాలేదు. రెండో గడప దగ్గర దేవమ్మ తలుపు సగం తెరిచి చూస్తోంది. నల్లాకు పోయేవాళ్ళు గడప దాటుతుంటే పలికినట్టే, అలవాటుగా పలికింది.

"ఏడ్చెటోళ్ళ పక్కన కూసునెటోడు వస్తడు."

ఆ తర్వాతది పర్వతాలుది. ఆయన తన గది ముందు లేడు, గుంపులో ఉన్నాడు. అందరూ ఆయనవైపు చూశారు. దేవమ్మ, "నీదేరా పర్వతాలూ" అన్నది. ఆయన కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గొణిగాడు.

"ఏందో ఇనబడలే" అన్నాడు వీరయ్య మనిషి ఒకడు.

"గొంతు పెంచనోనికే నేల దక్కుతది అన్న!" అని అరిచాడు పర్వతాలు. రోసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుంపులో ఒకరిద్దరు నవ్వి, మళ్ళీ నోరు మూసుకున్నారు.

"నాది చెప్పిన" అన్నాడు యెషయా.

"వరుసల చెప్పలే" అన్నది దేవమ్మ.

వాడు పళ్ళు కొరికాడు. వాడు అనకముందే గడప మీద నోవహు తాత అన్నాడు, నేలను చూస్తూ. న్యాయం కోసం ఆకలిగొన్నోని కడుపు నిండుతది. ఆ మాట తాత నోట కొడుకు చెప్పినట్టు లేదు. అలిసిపోయినట్టుంది.

అయిదోది. ఎవరూ పలకలేదు. ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. అందరికీ వచ్చు ఆ మాట, యెషయాకు కూడా. వాడి పెదవులు కదిలి ఆగడం నేను చూశాను.

"వాని మాట వాన్నే చెప్పమను" అన్నాడు యెషయా. "దమ్ముంటే బైటికొచ్చి చెప్పమను."

"యెషయా..."

"నువ్వు ఊకో. గడప మాట గడపోడే చెప్పాలె గద? చెప్పమను."

మేకలు అరుస్తున్నాయి. నా వీపు వెనక గొళ్ళెం తీసిన చప్పుడయింది.

జమాల్ మేస్త్రీ బయటికి వచ్చాడు. వారం రోజుల గెడ్డం. లుంగీ, బనీను. కళ్ళు ఎండకు ఆగడం లేదు. నన్ను పక్కకు జరిపి గడప మీద నిలబడ్డాడు. వీరయ్య మనుషులు ముందుకు కదిలారు. యెషయా చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పు."

"జాలి చూపినోనికి జాలి దొరుకుతది" అన్నాడు జమాల్. "నేను చూపలే."

తల తిప్పి నాలుగో గడప వైపు చూశాడు.

"తాతను గుంజినప్పుడు నేను లోపల్నే ఉన్న. జరమొచ్చింది గని లేవరానంత గాదు. గొళ్ళెం పెట్టుకున్న. మా వాడేనని ఎరుక. నేను బైటికొచ్చి ఒద్దురా అంటే ఆగుతుండెనో ఏమో. భయపడ్డ. గోడ ఇవుతల కూసోని అంతా ఇన్న. గీ గడప మాట నాకు ఎరుకనే ఉండె, రోజూ అనేది మేమే గద. గందుకే నేను జాలి అడుగుత లేను యెషయా. మా ఇంటామె ఏం జేయలే. ఆమెను ఒదిలెయ్యి."

లోపల కమర్ బీ ఏడుస్తోంది.

నోవహు తాత తల ఎత్తాడు. "నువ్వు ఇన్నవని నాకెరుక, జమాలూ. నీ దగ్గు ఇనబడ్డది గోడల నుంచి."

జమాల్ తల దించుకున్నాడు.

"మూడు నెల్ల సంది చూస్తున్న, ఎప్పుడు ఒప్పుకుంటవో అని" అన్నాడు తాత. అంతే. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. మంచి చేతితో గడప పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూచున్నాడు.

యెషయా గడ్డపార ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అది నిజం, చెప్పుకోవడానికి సిగ్గే. పెద్ద చప్పుడు. నా మొహం మీద చెక్కపేడు వచ్చి తగిలింది. కళ్ళు తెరిచేసరికి గడ్డపార తలుపు చట్రంలో బెత్తెడు లోతుకు దిగి ఉంది, జమాల్ చెవి పక్కన. జమాల్ కదల్లేదు. యెషయా దాన్ని లాగలేదు. వదిలేసి, తండ్రిని చంకల కింద చేతులు వేసి లేపి, నాలుగో గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు.

"అరే! పిలిచింది నువ్వు గద!" అని వీరయ్య అరిచాడు. దెబ్బ తిన్న ఇంటివాడు లోపలికి పోయినాక మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి జమాల్ మేకలు రెండూ విప్పుకుని, గోడ గడియారం తీసుకుని పోయారు. పోతూ పోతూ ఒకడు గడప మీద ఉమ్మాడు. అంతకన్నా ఏమీ కాలేదు.

జమాల్‌నూ కమర్ బీనీ అప్పుడే లైను వెంబడి సికింద్రాబాద్ స్టేషన్ దాకా తీసుకుపోయాను. మిలిటరీ వాళ్ళు అక్కడ జమాల్‌లాంటి వాళ్ళ కుటుంబాలను కొన్నింటిని కాపలా పెట్టి కూర్చోబెట్టారు. కమర్ బీ నెత్తిన ఒక మూట. దారిలో కాలవ దగ్గర జమాల్ ఆగాడు.

"ఈడనేనా నీ మాటలు పడ్డయి?"

"ఈడనే."

ఆ గుంటలను కాసేపు చూశాడు. "మంచి కర్రలు" అన్నాడు. మేస్త్రీ కదా. ఆయన మళ్ళీ మా గ్యాంగుకు రాలేదు.

ఉపదేశి కోలుకోవడానికి నెల పట్టింది. కూచోగలిగిన రోజు పోయి జరిగింది చెప్పాను. చివరి మూడు మాటలూ ఏమిటని అడిగాను. నెల రోజులనుంచి అదొక్కటే నన్ను తొలుస్తోంది.

"ఏ మూడు?" అన్నారు.

"మీరు చెప్పినవే. కాబట్టి అని..."

"జ్వరంలో ఏం చెప్పానో నాకేం తెలుసయ్యా! నాకు నువ్వు వచ్చినట్టే లీలగా ఉంది" అన్నారు. తర్వాత, "నిజంగా ముఖ్యమైనవేనా అవి?" అని నన్నే అడిగారు.

మీరే అన్నారయ్యా అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మూడు నెలలకు కొత్త స్తంభాలు నాటారు, అవే అంకెలతో. నేను రిటైరయ్యే దాకా ఆ మూడింటి దగ్గరా ఏ మాటా పెట్టలేదు. అక్కడికి రాగానే నడక కొంచెం నెమ్మదించేది. ఏమైనా వస్తుందేమోనని. రాలేదు.

అయిదో గదికి ఇంకో కుటుంబం వచ్చేముందు యెషయా ఒక పగలు ఆ చట్రాన్ని తనే బాగుచేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. పగిలినచోట చెక్క పెట్టి, పెద్ద మేకు కొట్టాడు. వాడికి వడ్రంగం రాదు. మేకు మొన ఒక అంగుళం బయటికి పొడుచుకు వచ్చింది. వంచెయ్యరా అని పర్వతాలు పోరుపెట్టాడు. యెషయా వంచలేదు.

నల్లాకు పోయేవాళ్ళకు ఆ మేకు తగిలేది. చీరలు పట్టేవి, చేతులు గీరుకునేవి. నా చొక్కా రెండుసార్లు చిరిగింది. ఏ ఊరినుంచో వచ్చిన కొత్త కోడళ్ళు, పిల్లలు, "అబ్బా! గీ మేకేంది, ఎవడు కొట్టిండు?" అనేవాళ్ళు. అప్పుడు నాలుగో గదిలోంచి యెషయా పలికేవాడు. తన గడప మాట కాదు, అయిదో గడపది.